విస్కీ కంపెనీలో గవర్నమెంట్ అఫైర్స్ ఉద్యోగం: తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

విభాగం: చదువులు, ఉద్యోగాలు (తిరుపతి – చిత్తూరు)

స్వర్ణముఖి_తీరం (తిరుపతి)

అందరికీ నమస్కారం. ఎస్వీయూలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఎంఏ అయ్యాక ఒక పాలసీ సంస్థలో చేరాను. అసెంబ్లీకి వచ్చే బిల్లులు చదివి నోట్సు రాయడం నా పని. ఇప్పుడు బెంగళూరులో ఒక విస్కీ కంపెనీ వాళ్లు గవర్నమెంట్ అఫైర్స్ ఎగ్జిక్యూటివ్ పోస్టుకు పిలిచారు. మొదటి రౌండు అయింది. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక మూడూ చూసుకోవాలట. జీతం బాగుంది, అబద్ధం ఎందుకు.

ఇంట్లో సంగతి వేరు. నాన్న "నీ ఇష్టం" అన్నారు. ఆ మాటను మా ఇంట్లో ఎలా అర్థం చేసుకోవాలో నాకు తెలుసు. అమ్మయితే "కొండ కింద పుట్టి మందు కంపెనీలో చేరతావా, అడిగినవాళ్లకు ఏం చెప్పుకోవాలి" అంటోంది.

ఈ ఉద్యోగంలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా అసలు ఏం చేస్తారు? సూట్‌కేసులు మోసే పనేనా, చదువుకు కూడా పని ఉంటుందా? ఆడవాళ్లు ఉన్నారా? తర్వాత వేరే రంగంలోకి మారాలంటే దారి ఉంటుందా? ఈ లైన్‌లో ఉన్నవాళ్లు చెబితే మేలు.

నగరి_కుర్రోడు

శాంపిల్ బాటిళ్లు ఇస్తారా అక్కా? పెద్ద ప్రశ్నలన్నీ మీరే అడిగేస్తిరి, మాకు ఇదొక్కటే మిగిలుండాది.

శీను_కొర్లగుంట

చేరొద్దని నేననను. కానీ సంబంధాలు చూసేటప్పుడు ఈ మాట వస్తుంది. మా పెద్దమ్మ కొడుకు బీరు కంపెనీలో అకౌంట్స్‌లో ఉన్నాడు. మా పెద్దమ్మ ఇప్పటికీ "కూల్‌డ్రింక్స్ లాంటి కంపెనీ" అనే చెబుతుంది.

మొగిలి_ఘాట్ (బెంగళూరు, సొంతూరు పలమనేరు)

చెల్లెమ్మా, నేను ఇదే పనిలో ఉన్నాను. కంపెనీల పేర్లు చెప్పను, పని మాత్రం చెబుతాను.

సబ్బు కంపెనీవాడికి ప్రభుత్వం అంటే పన్ను కట్టే చోటు. మనకు అలా కాదు. సరుకు కొనేదీ ప్రభుత్వమే, ధర ఖాయం చేసేదీ, పన్ను వేసేదీ, కొట్టు ఎక్కడ ఉండాలో చెప్పేదీ ప్రభుత్వమే. రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో రాష్ట్రాల జాబితా తీసి 8వ అంశం చదువు. మత్తు పానీయాల తయారీ, రవాణా, కొనుగోలు, అమ్మకం అంతా రాష్ట్రాల చేతిలో ఉంది. 51వ అంశం ప్రకారం వాటి మీద ఎక్సైజ్ సుంకం కూడా రాష్ట్రాలదే. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు తాగే మద్యాన్ని దాని బయటే ఉంచారు. అందుకని ఈ దేశంలో విస్కీకి ఒకే మార్కెట్ అంటూ లేదు, రాష్ట్రానికొకటి. పలమనేరు నుంచి ముళబాగిలు వెళ్లేలోపు ధర మారుతుంది, లేబుల్ మారుతుంది, కొనే సర్కారు మద్యం కార్పొరేషన్ మారుతుంది. కర్ణాటకలో హోల్‌సేల్ సర్కారు సంస్థ కేఎస్‌బీసీఎల్‌ది, కొట్లు ఎక్కువగా ప్రైవేటువి. నగరి దాటితే తమిళనాడు సర్కారు సంస్థ టాస్మాక్, అక్కడ 2003 నుంచి కొట్లు కూడా సర్కారువే. మన దగ్గర 2019 అక్టోబరులో సర్కారు కొట్లు పెట్టారు, 2024 అక్టోబరు 16 నుంచి మళ్లీ ప్రైవేటుకు ఇచ్చారు. లాటరీలో 3,396 కొట్లకు దాదాపు 90 వేల దరఖాస్తులు పడ్డాయి. ఒక్కో దరఖాస్తుకు 2 లక్షలు, అదీ తిరిగిరాని డబ్బు. కంపెనీ వైపు నుంచి చూడు: మొన్నటిదాకా ఏ బ్రాండు ఎంత ఆర్డరు రావాలో కార్పొరేషన్ చెప్పేది, తెల్లారేసరికి మూడు వేల పైచిలుకు కొత్త యజమానులు అడగడం మొదలుపెట్టారు. ఆ మార్పు ముసాయిదా దశలో ఉండగానే చదివి, మన డిపో స్టాకు, మన లేబుళ్లు, మన ధరలు ఏమవుతాయో పై వాళ్లకు చెప్పాల్సింది ఈ సీట్లో కూర్చున్న మనిషే.

ఇక రోజువారీ పని. ఒక బ్రాండుకు క్వార్టర్, హాఫ్, ఫుల్ అని సైజులు. ప్రతి సైజుకూ ప్రతి రాష్ట్రంలో విడిగా లేబుల్ ఆమోదం. ఆంధ్రకు పోయేదాని మీద ఆంధ్రలో మాత్రమే అమ్మకానికి అని ఉండాలి. ఆల్కహాల్ 42.8 శాతం, పాత లెక్కలో 75 డిగ్రీల ప్రూఫ్. కేంద్ర ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో తెచ్చిన నిబంధనలు 2019 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యాయి. దాని ప్రకారం హెచ్చరిక అక్షరాలు నిర్ణయించిన ఎత్తుకు తగ్గకూడదు. నేను లేబుల్ నమూనా కాగితం మీద స్కేలు పెట్టి కొలిచిన రోజులున్నాయి. మార్కెటింగ్ వాళ్లు బంగారు రంగు గీత ఒకటి కాస్త కిందికి జరుపుతారు, అందంగానే ఉంటుంది, హెచ్చరిక మాత్రం కుదించుకుపోతుంది. లేబుళ్లు లక్షల్లో ప్రింటయి, సీసాలకు అంటించి, లారీ డిపోకు చేరాక అక్కడ ఆపేస్తే ఫోను వచ్చేది మార్కెటింగ్‌కు కాదు, మనకు.

ధర ఫైలు అంతకన్నా పెద్ద తలనొప్పి. ధాన్యం రేటు పెరగనీ, గాజు సీసా రేటు పెరగనీ, కార్పొరేషన్ ఒప్పుకున్న బేసిక్ ధరకే, అంటే పన్నులు కలవక ముందు కంపెనీకి ఇచ్చే ధరకే సరుకివ్వాలి. మందు రేటు పెరిగిందని పేపర్లో వస్తే జనం ఆ డబ్బంతా కంపెనీకి పోయిందనుకుంటారు. చాలాసార్లు పెరిగేది పన్ను. తెలంగాణలో 2025 జనవరిలో యునైటెడ్ బ్రూవరీస్ బీరు సరఫరా ఆపింది గుర్తుందా? ఏళ్ల తరబడి ధర పెంచలేదు, బకాయిలు పేరుకున్నాయి అని వాళ్ల వాదన. కొన్ని రోజులకు మళ్లీ మొదలుపెట్టారు, ఫిబ్రవరిలో సర్కారు 15 శాతం పెంచింది. అది బీరు కథే కానీ విస్కీ వాళ్ల దగ్గరా ఉండేది అదే ఫైలు. సరఫరా ఆపడమనేది ఆఖరి అస్త్రం. దానికి ముందు నెలల తరబడి ఖర్చుల పట్టికలు, వినతిపత్రాలు, అసోసియేషన్ లేఖలు తయారవుతాయి. నీలాంటి చదువున్నవాళ్లకు పని అక్కడే.

పాత_ఎక్సైజ్ (చిత్తూరు, రిటైర్డ్)

నేను టేబుల్‌కు అవతలి వైపు కూర్చున్నవాణ్ణి. పై అబ్బాయి చెప్పినదంతా నిజమే, కాకపోతే కొంచెం ఇస్త్రీ చేసి చెప్పాడు.

మా రోజుల్లో ఈ ఉద్యోగానికి ఇంత పెద్ద పేరు లేదు. లైజనింగ్ ఆఫీసరు అనేవాళ్లు. చేతిలో రెక్సిన్ బ్యాగు, జేబులో రెండు పెన్నులు, ఒకటి తనకు, ఒకటి గుమాస్తాకు. ఏ సీటులో ఫైలు ఆగిందో మాకన్నా ముందు వాళ్లకే తెలిసేది. వీళ్లలో చాలామంది మా శాఖలోనే చేసి రిటైరైనవాళ్లు. కమిషనర్ గదిలోకి నేరుగా వెళ్లగలిగేవాడే గొప్పవాడని కంపెనీలు అనుకునేవి. మాకు మాత్రం పనికొచ్చే మనిషి వేరే.

ఒక కుర్రవాడు ఇప్పటికీ గుర్తున్నాడు. రవాణా పర్మిట్‌లో లారీ నంబరు ఒక్క అంకె తప్పు పడింది, 7 ఉండాల్సిన చోట 1. చెక్‌పోస్టులో ఆపేశాం. వేరేవాళ్లయితే పెద్దవాళ్లతో ఫోన్లు చేయించేవాళ్లు. ఈ అబ్బాయి రూల్స్ పుస్తకం తెచ్చుకున్నాడు. సవరణ చేసే అధికారం ఎవరికుందో ఆ పేజీ తీసి చూపించాడు. డిస్టిలరీలో ఉండే మా ఆఫీసరు సంతకంతో కాగితం తెప్పించడానికి మనిషిని పంపి, తను లారీ కింద చాప పరుచుకుని పడుకున్నాడు. పొద్దున కాగితం వచ్చింది, బండి పోయింది. ఆ తర్వాత అతని ఫైలు వచ్చిందంటే నేను రెండోసారి చదివేవాణ్ణి కాను.

డబ్బు నడవలేదని చెబితే ఈ వయసులో పాపం చుట్టుకుంటుంది. నడిచింది.

నగరి_కుర్రోడు

సార్, ఆ లారీ కింద పడుకున్నాయన ఇప్పుడు ఏం చేస్తా ఉండాడు?

పాత_ఎక్సైజ్

ఇప్పుడు ఏసీ గదిలో కూర్చుని, లారీ కింద పడుకునేవాళ్లను ఇంటర్వ్యూ చేస్తుంటాడు నాయనా.

చిత్తూరు_వకీలు

సార్ "నడిచింది" అని ఆపేశారు, అక్కడి నుంచి నేనందుకుంటాను.

1988 అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించారు. ఇప్పుడు లంచం ఇచ్చినవాడి మీద 8వ సెక్షన్ నేరుగా పడుతుంది, ఏడేళ్ల దాకా శిక్ష. బలవంతం మీద ఇచ్చానని చెప్పుకోవాలంటే ఏడు రోజుల్లోగా పోలీసులకో దర్యాప్తు సంస్థకో తెలియజేసి ఉండాలి. 9వ సెక్షన్ కంపెనీని పట్టుకుంటుంది. 10వ సెక్షన్ అందుకు ఒప్పుకున్న అధికారిని పట్టుకుంటుంది. అంటే "మా బాస్ చెప్పాడు, నేను చేశాను" అనే మాట మీ ఇద్దరినీ లోపలికి తీసుకెళ్తుంది.

విస్కీ రంగంలో ఇది ఊహ కాదు. 2011లో డియాజియో అమెరికా సెక్యూరిటీస్ కమిషన్‌తో కేసు పరిష్కరించుకుని 1.6 కోట్ల డాలర్లకు పైగా కట్టింది. భారత్, థాయిలాండ్, దక్షిణ కొరియాల్లో జరిగిన చెల్లింపుల గురించి ఆ కేసు. మన దేశంలోనే 17 లక్షల డాలర్లకు పైగా అధికారులకు చేరిందని ఆ ఉత్తర్వులో ఉంది. జిమ్ బీమ్ తయారుచేసే బీమ్ కంపెనీ భారత శాఖ మీద కూడా ఇలాగే. 2018లో 80 లక్షల డాలర్లకు పైగా కట్టారు. 2020 అక్టోబరులో అమెరికా న్యాయశాఖ క్రిమినల్ కేసులో ఇంకో 1.95 కోట్ల డాలర్లు. అందులో ఒక ముక్క మన స్వర్ణముఖి చేరబోయే సీటుకు సంబంధించినదే: ఒక రకం సరుకును సీసాల్లో నింపే లైసెన్సు ఆమోదం కోసం ఒక పెద్ద అధికారికి 10 లక్షల రూపాయలు ఇచ్చారని.

గమనించు, డబ్బు ఎప్పుడూ కంపెనీ ఖాతాలోంచి లంచం అనే పద్దు కింద పోదు. థర్డ్ పార్టీ ప్రమోటరు, డిస్ట్రిబ్యూటరు, కన్సల్టెన్సీ ఫీజు అనే పేర్లతో పోతుంది. కాబట్టి రెండో రౌండులో నువ్వే ఒకటి అడుగు: బయటి కన్సల్టెంట్ల బిల్లులు ఎవరు సర్టిఫై చేస్తారు, ఆ మనిషి నిజంగా ఏం పని చేశాడో రాతపూర్వకంగా ఉంటుందా? ఆ ప్రశ్నకు వాళ్లు నీళ్లు నమిలితే ఇంకేమీ అడగక్కర్లేదు.

అడ్మిన్

2019–24 నాటి మద్యం ఆర్డర్ల మీద నడుస్తున్న సిట్ కేసు గురించి, ఏ పార్టీ ఏం చేసిందనే దాని గురించి పడిన పోస్టులు తీసేశాను. కోర్టులో ఉన్నది అక్కడే తేలనివ్వండి. ఇక్కడ మాట్లాడుతున్నది ఉద్యోగం గురించి.

నగరి_కుర్రోడు

తీసేసిన వాటిలో నాదీ ఉండాది. శాంపిల్ ప్రశ్న మాత్రం ఉంచినారు, థాంక్స్ అన్నా.

కలికిరి_టీచరమ్మ

మొదటి నుంచి చదివాను. లేబుల్, ధర, సెక్షన్ అన్నీ వచ్చాయి. తాగే మనిషి, అతని ఇల్లు ఎక్కడా రాలేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. అక్షరాస్యత తరగతుల్లో చదువుకున్న పాఠం వాళ్లను కదిలించింది. వాళ్ల తరఫున సచివాలయంలో కూర్చుని నోట్సు ఇచ్చే ఎగ్జిక్యూటివ్ ఎవరూ లేరు. అయినా 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది. 1997లో అది పోయింది. పోయేటప్పుడు ఖజానా లెక్కలు చెప్పేవాళ్లు ఎంతమంది దొరికారో మా తరానికి గుర్తుంది. 2024లో క్వార్టర్ 99 రూపాయలకు దిగింది. మా బడికి పిల్లల్ని దింపడానికి వచ్చే తల్లుల్లో కూలికి పోయి సాయంత్రం ఆ 99 దాచుకోవడానికి చోటు వెతుక్కునేవాళ్లున్నారు. బియ్యం డబ్బాలో పెడితే దొరికిపోతుందని ఒకామె నా దగ్గర దాచమని ఇచ్చేది.

అమ్మా స్వర్ణముఖీ, నువ్వు తెలివైన పిల్లవని నీ రాతలోనే తెలుస్తోంది. ఆ 99 లాంటి అంకె ఏ ఫైలులోనో పుడుతుంది కదా. ఆ ఫైలు నువ్వు రాస్తావా?

మొగిలి_ఘాట్

టీచర్ గారూ, నమస్కారం. కల్తీ, అక్రమ మద్యం వైపు పోకుండా చవకది అందుబాటులో ఉంచుతున్నామని ఆ ధరకు ప్రభుత్వం కారణం చెప్పింది. ఆ వాదన నాకూ పూర్తిగా నచ్చదు. అలాగని మా కంపెనీలను వెనకేసుకురాను. బాధ్యతగా తాగండి అని మేం పెట్టే బోర్డుల్లో సగం ఆ ఏడాది నివేదికలో ఫొటో కోసమే. నేను ఉన్నది అమ్మేవాళ్ల పక్షాన. అది దాచి మాట్లాడితే మీరు ఒప్పుకోరు.

ఒక్కటి మాత్రం చెప్పాలి. మా పనిలో నిషేధం అనేది పుస్తకంలో మాట కాదు. రాజ్యాంగం 47వ అధికరణంలో ఉంది, ఏ ఎన్నికల్లో ఎవరు ఎత్తుకుంటారో తెలియదు. బిహార్‌లో 2016 ఏప్రిల్ 5న పూర్తి నిషేధం వచ్చినప్పుడు గోదాముల్లో ఉన్న సరుకు బయటి రాష్ట్రాలకు తరలించడానికే కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. సుప్రీంకోర్టు 2017 జులై 31 దాకా గడువు పొడిగించింది. బిహార్ లేబుల్ వేసిన సీసా ఇంకో రాష్ట్రంలో అమ్మకూడదు. ఏం చేయాలి, ఒలకబోయాలా, మళ్లీ వేరే లేబుల్ వేయాలా, కట్టిన సుంకం వెనక్కి వస్తుందా? ఇవన్నీ ఒక్కొక్కటీ ఒక్కో దరఖాస్తు.

2016 డిసెంబరు 15 నాటి హైవే తీర్పు కూడా అంతే. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు కొట్టు ఉండకూడదన్నారు, 2017 ఏప్రిల్ 1 నుంచి. జనాభా 20 వేల లోపు ఉన్న చోట్ల తర్వాత 220 మీటర్లకు తగ్గించారు. మా జిల్లా మ్యాపు పరుచుకుని చూస్తే పలమనేరు, బంగారుపాళ్యం లాంటి ఊళ్లన్నీ హైవేకు అటూ ఇటూ అంటుకునే ఉన్నాయి. ఏ కొట్టు ఉంటుంది, ఏది లేస్తుంది, దాంతో ఏ డిపో అమ్మకం ఎంత పడుతుంది అని సేల్స్ వాళ్లు మమ్మల్నే అడిగారు. కొన్ని రాష్ట్రాలు హైవే పేరు మార్చి మామూలు రోడ్డు చేసేసుకున్నాయి. జులైలో మున్సిపల్ పరిధికి వర్తించదని కోర్టు తేల్చింది. ఆ కొన్ని నెలల్లో నేర్చుకున్నంత నేను ఏ కోర్సులోనూ నేర్చుకోలేదు.

కలికిరి_టీచరమ్మ

దాచకుండా చెప్పావు, సంతోషం. ఒప్పుకున్నానని మాత్రం అనుకోవద్దు బాబూ.

పాత_ఎక్సైజ్

టీచరమ్మ గారి బాధ నాకు తెలుసు. కానీ నిషేధం రోజుల్లో నేను సర్వీసులో ఉన్నాను తల్లీ. మన జిల్లాకు రెండు రాష్ట్రాలు సరిహద్దు. కుప్పం, వి.కోట వైపు కర్ణాటక ప్యాకెట్లు, నగరి, సత్యవేడు వైపు తమిళనాడు సీసాలు. పాల క్యాన్లలో, టమాటా బుట్టల కింద వచ్చేవి. వాటినే మేం ఎన్‌డీపీఎల్ అంటాం, సుంకం కట్టని సరుకు.

నకిలీది ఇంకా ప్రమాదం. 2025 అక్టోబరులో ములకలచెరువులో బయటపడింది చూశారు కదా, ఏకంగా తయారీయే. ఆ తర్వాతనే సీసా మీద కోడ్ స్కాన్ చేసి చూసుకునే సురక్షా యాప్ తెచ్చారు. ఇలాంటి కేసు పట్టుకున్నప్పుడు ఆ బ్రాండు కంపెనీ మనిషిని పిలుస్తారు. వచ్చి ఇది మా సీసా కాదు అని పంచనామాలో చెప్పాలి, తర్వాత కోర్టులో సాక్ష్యం చెప్పాలి. అమ్మాయీ, ఇది కూడా నీ పనిలో భాగమే. లేబుల్ ఊడదీసి వెనక్కి తిప్పితే మెషీను వేసిన జిగురు సన్నగా సమంగా ఉంటుంది. చేత్తో అంటించిన దానికి మూలల్లో ముద్ద కడుతుంది. మూత తిప్పినప్పుడు కింది రింగు తెగే తీరు చూడు. ల్యాబు రిపోర్టు వచ్చేలోపు ఈ రెండిటితోనే సగం తెలిసిపోతుంది.

స్వర్ణముఖి_తీరం

ఇన్ని జవాబులు వస్తాయని అనుకోలేదు. టీచర్ గారి ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. దానికి ఇప్పుడే జవాబు చెప్పలేను. బయట దేశాల్లో ఈ ఉద్యోగం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లున్నారా? ఇంటర్వ్యూ చేసినాయన అమెరికాలో బోర్బన్ (అక్కడి మొక్కజొన్న విస్కీ) కంపెనీల్లో గవర్నమెంట్ అఫైర్స్ వైస్ ప్రెసిడెంట్లు ఉంటారని, అది పెద్ద కెరీర్ అని చెప్పారు.

లూయివిల్_చిత్తూరోడు (కెంటకీ, సొంతూరు చిత్తూరు గ్రీమ్స్‌పేట)

నేను ఐటీ వాణ్ణే కానీ ఉండేది బోర్బన్ ఊళ్లో. క్లయింట్లలో సగం డిస్టిలరీలు. మీ ఇంటర్వ్యూ సారు అబద్ధం చెప్పలేదు.

ఇక్కడా 1933లో నిషేధం ఎత్తేశాక అధికారం రాష్ట్రాలకే పోయింది. తయారుచేసేవాడు, హోల్‌సేలరు, కొట్టువాడు అని మూడు అంచెలు. 17 రాష్ట్రాల్లో హోల్‌సేల్ వ్యాపారం ప్రభుత్వానిదే, మన బెవరేజెస్ కార్పొరేషన్ మాదిరి. తేడా ఎక్కడంటే లాబీయింగ్ ఇక్కడ బాహాటంగా చేసే పని. 1995 చట్టం ప్రకారం రిజిస్టర్ చేసుకోవాలి. ఏ బిల్లు మీద పనిచేశావు, కంపెనీ ఎంత ఖర్చు పెట్టింది అని మూడు నెలలకోసారి దాఖలు చేయాలి. ఎవరైనా చూడొచ్చు. మన దేశంలో అలాంటి చట్టమే లేదు కాబట్టి నిజాయితీగా చేసేవాణ్ణి, చేయనివాణ్ణి బయటినుంచి వేరు చేయడం కష్టం.

కెంటకీలో పీపాల మీద పన్ను ఉంది. గోదాములో నిలవ ఉన్న ప్రతి పీపా మీద ప్రతి ఏడూ ఆస్తి పన్ను. విస్కీ ఏళ్ల తరబడి ఊరాలి కదా, ఊరుతున్నంత కాలం కడుతూనే ఉండాలి. ఇక్కడి డిస్టిలర్ల సంఘం 1880 నాటిది. వాళ్లు చాలాకాలం పోరాడితే 2023లో చట్టం వచ్చింది, 2026 నుంచి తగ్గిస్తూ 2043కి పూర్తిగా తీసేస్తారు. కౌంటీల్లో బడులు ఆ పన్ను మీదే నడుస్తాయని పెద్ద గొడవ జరిగింది, టీచర్ గారు వింటే ఆ పక్షమే తీసుకుంటారు. 2043 అంటే ఆ ఫైలు మొదలుపెట్టిన మనిషి రిటైరయ్యాక ముగుస్తుంది.

ఇంకో పని టారిఫ్‌లు. 2018లో యూరప్ అమెరికా విస్కీ మీద 25 శాతం వేసింది. ఎందుకు? ట్రంప్ స్టీలు, అల్యూమినియం మీద వేశాడని. బోర్బన్‌కు స్టీలుతో ఏం సంబంధం? ఏమీ లేదు. 2025 మార్చిలో కెనడా రాష్ట్రాలు అమెరికా మందును అల్మారాల్లోంచే తీసేశాయి. ఇలాంటప్పుడు వాషింగ్టన్‌లో పరుగులు పెట్టేది ఈ వైస్ ప్రెసిడెంట్లే. 2025 ఫిబ్రవరిలో మన దేశం బోర్బన్ మీద సుంకం 150 నుంచి 100 శాతానికి తగ్గించింది, అది కూడా వాళ్ల ఖాతాలో వేసుకుంటారు.

అమ్మగారికి ఒక మాట చెప్పండి. జాక్ డేనియల్స్ తయారయ్యే ఊరు టెనెసీలో లించ్‌బర్గ్. అది ఉన్న కౌంటీ (మన జిల్లా లాంటిది) డ్రై కౌంటీగా, అంటే మందు అమ్మకానికి అడ్డున్న చోటుగా పేరుపడింది. తయారుచేస్తారు, ఊళ్లో అమ్మకానికి మాత్రం ఆంక్షలు.

శీను_కొర్లగుంట

కొండ మీద మందు లేదు, కొండ కింద కొట్టు ముందు క్యూ. మనకేం తక్కువ?

మొగిలి_ఘాట్

కెరీర్ సంగతి అడిగావు కదా, దానికొస్తాను.

మొదట ఎగ్జిక్యూటివ్, తర్వాత ఒక రాష్ట్రం, ఆపైన దక్షిణ ప్రాంతం, ఆపైన ఢిల్లీ. ఢిల్లీకి చేరితే కస్టమ్స్, ఎఫ్ఎస్ఎస్ఏఐ, వాణిజ్య ఒప్పందాలు, మిలిటరీ క్యాంటీన్ సరఫరా చూడాలి. రాష్ట్రాల్లో పనిచేయకుండా నేరుగా ఢిల్లీలో చేరినవాళ్లు పవర్‌పాయింట్లు బాగా చేస్తారు, డిపో గేటు దగ్గర ఏం జరుగుతుందో వాళ్లకు తెలియదు. నువ్వు కింది నుంచే రా. పక్కదారి అసోసియేషన్లు. విదేశీ కంపెనీల వైపు ఐఎస్‌డబ్ల్యూఏఐ ఉంది, దేశీ కంపెనీల వైపు సీఐఏబీసీ ఉంది. ఈ ఇద్దరికీ చాలా విషయాల్లో పడదు, ఆ గొడవ అర్థమైతే సగం పరిశ్రమ అర్థమైనట్టే. ఫార్మా కంపెనీలు, ఎలక్ట్రిక్ బండ్లు, ఆన్‌లైన్ డెలివరీ వాళ్లు మా వాళ్లను బాగానే తీసుకుంటారు. ఎక్సైజ్ శాఖతో వేగినవాడు ఏ శాఖతోనైనా వేగుతాడని వాళ్ల నమ్మకం. అది కొంత నిజమే.

ఆడవాళ్లు ఉన్నారు, పాలసీ వైపు ఎక్కువ, డిపోల వైపు తక్కువ. ఆ కారణం చెప్పి నిన్ను ఆఫీసులో కూర్చోబెడతామంటే ఒప్పుకోవద్దు. ఫీల్డు చూడకపోతే మూడేళ్లకే నీ నోట్సులో పస ఉండదు. సాయంత్రం పూట హోటల్లో మీటింగులు అంటే మాత్రం మొదటి రోజే గీత గీసుకో. మా టీములో ఒకామె అధికారులను ఆఫీసు వేళల్లో ఆఫీసుల్లోనే కలుస్తుంది, ఆమె పనులేవీ ఆగలేదు.

శాంపిల్ అడిగిన తమ్ముడికి: సుంకం కట్టకుండా, పర్మిట్ లేకుండా ఒక్క సీసా బయటికి తేకూడదు. మా ఆఫీసు అల్మారాలో ఉన్నవన్నీ ఖాళీ సీసాలే.

నగరి_కుర్రోడు

ఇంత చదివినాక ఇదా చెప్పేది అన్నా.

స్వర్ణముఖి_తీరం

రెండో రౌండు కబురు వచ్చింది. రెండు పేజీల నోటు రాసి పంపమన్నారు. అంశం: బ్రిటన్‌తో ఒప్పందం తర్వాత స్కాచ్ మీద సుంకం తగ్గితే ఆంధ్రలో మన కంపెనీ ప్రభుత్వాన్ని ఏం అడగాలి? ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పరా అన్నా?

మొగిలి_ఘాట్

మంచి ప్రశ్నే ఇచ్చారు. 2025 జులై 24న సంతకాలయ్యాయి. 150 శాతం నుంచి ముందు 75కు, పదో ఏటికి 40కి. చాలామంది స్కాచ్ సగం ధరకు వస్తుందని రాసేస్తారు. నువ్వు అలా రాయొద్దు. కస్టమ్స్ అనేది కేంద్రం తీసుకునే భాగం. సీసా మీద ఎంఆర్‌పీలో రాష్ట్రం వేసేవి వేరే ఉంటాయి. కేంద్రం తగ్గించిన చోట రాష్ట్రం పెంచుకుంటే కొనేవాడి దాకా ఏమీ రాదు. కాబట్టి కేంద్రం తగ్గించినదాన్ని రాష్ట్రం ఏ లెక్కలో చూస్తుంది అన్నదే మన ప్రశ్న కావాలి. ఇంకోటి, స్కాచ్ అంతా సీసాల్లోనే రాదు. పీపాల లెక్కన తెచ్చి ఇక్కడ సీసాలో పోసేదీ, మన విస్కీలో కలిపేదీ ఉంది. దానికి కలిసొచ్చేదెంత అన్నది విడిగా రాయి.

దేశీ కంపెనీల వాదన కూడా ఒక పేరా పెట్టు. తక్కువ విలువ చూపించి దిగుమతి చేస్తారని వాళ్లు కనీస దిగుమతి ధర అడుగుతున్నారు. మన సరుకు అక్కడికి పోవాలంటే అడ్డంకులు వేరే. బ్రిటన్‌లో మూడేళ్లు పీపాలో ఊరితేనే విస్కీ అంటారు. మొలాసిస్ స్పిరిట్‌తో చేసినదాన్ని అసలు విస్కీ అని అమ్మనివ్వరు. స్కాట్లాండ్‌లో పీపా నుంచి ఏడాదికి 2 శాతం దాకా ఆవిరైతే బెంగళూరు ఎండకు 10 శాతం దాటుతుంది, త్వరగానే పక్వానికి వస్తుంది, ఆ మూడేళ్ల లెక్క మాకెందుకు అని మనవాళ్ల గోల. బెంగళూరు అమృత్ వాళ్లు 2004లో సింగిల్ మాల్ట్‌ను తీసుకెళ్లి గ్లాస్గోలోనే విడుదల చేశారు కాబట్టి చేయలేమని కాదు. ఇది తెలుసని ఒక వాక్యంలో చూపించు, కథ చెప్పొద్దు. చదివేవాళ్లకు ఓపిక ఉండదు.

కలికిరి_టీచరమ్మ

ఆ నోటులో ధర తగ్గితే తాగేవాళ్లు ఎంత పెరుగుతారో ఒక పేరా పెట్టమ్మా. కంపెనీకి నచ్చకపోతే తీసేయమంటారు. తీసేయమన్నప్పుడు ఏ మాటలతో చెబుతారో గమనించు, నీకు కావలసిన జవాబు అందులో దొరకొచ్చు.

స్వర్ణముఖి_తీరం

పెడతాను టీచర్ గారూ. రాశాక ఇక్కడే పోస్టు చేస్తాను, అందరూ చూసి తప్పులుంటే చెప్పండి.

చిత్తూరు_వకీలు

పోస్టు చేయొద్దు. వాళ్లు పంపిన మెయిల్ చివర కాన్ఫిడెన్షియల్ అని ఉందేమో ముందు చూసుకో. ఉంటే టీచర్ గారికి కూడా పంపకూడదు.